చదువరి చేతికి అందే రాత – 3వ పాఠం: వాక్యంలో ఒక అంకెను కదిలిద్దాం

కిందటి పాఠంలో ఇచ్చిన పని గుర్తుందిగా? కారుతున్న కుళాయి (మీ వైపు నల్లా అంటారేమో) దగ్గర ఫోన్‌లో టైమర్ పెట్టుకుని, నిమిషానికి ఎన్ని చుక్కలు పడుతున్నాయో లెక్కపెట్టమన్నాను. ఆ కాగితం తీసి పక్కన పెట్టుకోండి. ఈరోజు పనంతా ఆ చుక్కల లెక్క మీదే.

ముందు, ఈ పాఠాలు రాయాలన్న కోరిక నాకు ఎక్కడ పుట్టిందో చెప్పాలి. వర్రీడ్రీమ్ అని బ్రెట్ విక్టర్ సొంత వెబ్‌సైట్ ఒకటుంది. ఆయన అమెరికాలో కాల్‌టెక్‌లోనూ, తర్వాత బర్క్‌లీలోనూ ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివారు. అలెసిస్ అనే కంపెనీలో సింథసైజర్ల (ఎలక్ట్రానిక్ సంగీత వాయిద్యాల) మీద, ఆపిల్‌లో ఇంటర్‌ఫేస్ డిజైన్ (తెర మీద మనం తాకే, నొక్కే భాగాల రూపకల్పన) మీద పనిచేశారు. అంతటి మనిషి సైట్ అంటే చేసిన ఉద్యోగాల చిట్టా ఉంటుందనుకుని వెళ్లాను. తీరా చూస్తే పొడవాటి వ్యాసాలు, ప్రసంగాలు, వేలితో ఆడిస్తే మారిపోయే బొమ్మలు, తనకు దారి చూపిన పాతతరం పరిశోధకుల పేపర్లు. తన గొప్ప చెప్పుకోవడం కాదు, తన బుర్రలో నడుస్తున్న ఆలోచనను మన చేతిలో పెట్టడం ఆయనకు ముఖ్యం. డిజైనరూ ఇంజినీరూ ఒకే మనిషిలో ఉంటే ఏం జరుగుతుందో నాకు అక్కడే అర్థమైంది.

2011లో ఆయన వెబ్ పేజీల్లో వాడుకునే టాంగిల్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ పనిముట్టు విడుదల చేశారు. అందులో ఉదాహరణగా ఒక మామూలు వాక్యం ఉంది: 3 కుకీలు తింటే 150 క్యాలరీలు. ఆ 3 కింద గీతలు గీతలుగా అడుగుగీత. దాన్ని పట్టుకుని పక్కకు లాగితే 4 అవుతుంది, 150 కాస్తా 200 అవుతుంది. అంతే. నేను మాత్రం చాలాసేపు దాన్ని అటూ ఇటూ లాగుతూనే కూర్చున్నాను. చిన్నప్పటి నుంచీ చదివిన ఏ వాక్యమూ నా చేతికి అలా లొంగలేదు.

అదే ఏడాది రాసిన వ్యాసంలో ఇంకా బరువైన ఉదాహరణ ఇచ్చారు. 2010లో కాలిఫోర్నియాలో ఒక ప్రతిపాదన ఓటుకు వచ్చింది: రాష్ట్ర పార్కుల ఖర్చు కోసం ఒక్కో వాహనానికి ఏడాదికి 18 డాలర్లు వసూలు చేయాలని. చదివేవాళ్లే ఆ 18ని మార్చుకుని, పార్కుల పరిస్థితి ఎలా మారుతుందో చూడొచ్చు. రచయిత మాట నమ్మాలా వద్దా అని తలపట్టుకోనక్కర్లేదు, లాగి చూస్తే సరిపోతుంది.

మనం ఇదే పని అట్టతో చేద్దాం. కోడింగ్ రాకపోయినా టెన్షన్ పడకండి.

పాత పెళ్లి శుభలేఖ ఒకటి తీసుకుని విప్పి పరచండి. వెనక ఖాళీ వైపు ఒకే వరుసలో ఈ వాక్యం రాయండి: "నిమిషానికి ▢ చుక్కలు కారితే రోజుకు ▢ లీటర్లు పోతాయి, ▢ రోజుల్లో 20 లీటర్ల క్యాన్ నిండుతుంది." మూడు ▢ల చోటా బ్లేడుతో చిన్న కిటికీలు కోయండి. ఇప్పుడు ఒక తెల్లకాగితం మీద, సరిగ్గా ఆ కిటికీల దూరంలో, మూడు నిలువు వరుసలు రాయాలి. మొదటి వరుసలో 10, 20, 30 అంటూ 120 దాకా. మిగతా రెండూ లెక్క కట్టి నింపాలి. 20 చుక్కలు 1 మిల్లీలీటరు అనుకుందాం, మామూలు సెలైన్ సెట్ లెక్క అదే. రోజుకు 1,440 నిమిషాలు కాబట్టి ప్రతి 10 చుక్కలకూ రోజుకు 720 మిల్లీలీటర్లు. అంటే 10 ఎదురుగా 0.7 లీటర్లు, 28 రోజులు. 20 ఎదురుగా 1.4, 14 రోజులు. 60 దగ్గర 4.3, 4.6 రోజులు. 120 దగ్గర 8.6, 2.3 రోజులు.

కాగితాన్ని అట్ట వెనక పెట్టి మెల్లగా పైకి లాగండి. మూడు కిటికీలూ ఒకేసారి మారతాయి. మూడో కిటికీని గమనించండి. 10 నుంచి 20కి వెళ్లినప్పుడు 14 రోజులు ఎగిరిపోయాయి. 110 నుంచి 120కి వెళ్తే 2.5 కాస్తా 2.3 అయింది, కదిలినట్టే లేదు. లీటర్లు మాత్రం ప్రతిసారీ ఒకే లెక్కన పెరిగాయి. కదలని వాక్యంలో ఈ తేడా ఎంత వివరించినా బుర్రకెక్కదు. లాగిన చేతికి మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

నేను మొదటిసారి చేసినప్పుడు మూడు కిటికీల చుట్టూ ఎర్రగీత గీశాను, అందంగా ఉంటుందని. మా అమ్మకు ఇస్తే ఆవిడ నేరుగా లీటర్ల కిటికీ మీద వేలు పెట్టి, "దీన్ని తగ్గించడం ఎలారా?" అంది. ఆ ప్రశ్నలో తప్పేం లేదు, తప్పు నా గీతలది. చదువరి మార్చగలిగే అంకెకు మాత్రమే గుర్తు ఉండాలి. బ్రెట్ విక్టర్ వాక్యంలో అడుగుగీత 3 కిందే ఎందుకుందో ఆరోజు తెలిసింది. మీరు మొదటి కిటికీ కింద మాత్రమే గీత గీయండి.

10కి పైన 0 కూడా రాయండి. దాని ఎదురుగా 0 లీటర్లు. మూడో కిటికీలో ఏం రాస్తారు? "ఎన్ని రోజులైనా" అని రాస్తే వాక్యం తెగుతుంది. అందుకని నేను ఒక అడ్డగీత పెట్టి వదిలేస్తాను. మీకు ఇంతకంటే మంచి దారి తోస్తే అదే చేయండి. ఇలాంటి అంచుల దగ్గరే డిజైన్ పని ఎక్కువ.

ఇంతా చేసి అట్టతో ఆడుకోవడమేనా అనిపిస్తే ఒక మాట. బ్రెట్ విక్టర్ కూడా తర్వాత తెర వదిలి కాగితం వైపే వచ్చారు. డైనమిక్‌ల్యాండ్ అనే ఆయన పరిశోధన కేంద్రంలో బల్ల మీద మామూలు కాగితాలు పరుస్తారు, పైనున్న కెమెరాలు వాటిని గుర్తుపడతాయి, ప్రొజెక్టర్లు వాటి మీదే బొమ్మ వేస్తాయి.

వచ్చే పాఠానికి పని: దగ్గు సిరప్ మూత తీసుకుని, మీ కుళాయి కింద 5 మిల్లీలీటర్ల గీత దాకా నిండడానికి ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెట్టండి. మన లెక్క ప్రకారం 100 రావాలి. మీకు 75 వస్తే మీ చుక్క పెద్దదన్నమాట, అప్పుడు కార్డు మీది లీటర్లన్నీ తప్పే. వచ్చిన అంకెను శుభలేఖ అంచున రాసి ఉంచండి. 4వ పాఠంలో దానికీ ఒక కిటికీ కోస్తాం.