గైనిక్ ఓపీకి మొదటిసారి వెళ్తున్నారా? బయట కూర్చునే నర్సు మాట వినండి

గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు గైనిక్ ఆసుపత్రిలో నేను ఓపీ నర్సుని. మేడమ్ గది బయట ఒక చిన్న బల్ల, బీపీ మిషను, బరువు చూసే మిషను, అదే నా రాజ్యం. లోపలికి వెళ్లేముందు ఎవరైనా నా దగ్గర ఆగాల్సిందే. కొత్తగా వచ్చినవాళ్ల టెన్షనంతా లోపల ఏం చేస్తారోననే.

ముందురోజే ఫోన్ చేసి టోకెన్ రాయించుకోండి. పదకొండు గంటలకని చెప్పినా పదకొండుకే పిలుస్తారనుకోకండి. మధ్యలో కాన్పు కేసు వస్తే మేడమ్ లేబర్ రూమ్‌కి పరిగెడతారు, ఓపీ ఆగిపోతుంది. ఆ పూటకి వేరే పని పెట్టుకోవద్దు. పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ వెంట తెచ్చుకోండి. "పొద్దున్నే వేసుకునే తెల్ల మాత్రండీ" అంటే మాకేం తెలుస్తుంది, సగం మాత్రలు తెల్లగానే ఉంటాయి.

నేను మొదట అడిగేది డేట్ ఎప్పుడొచ్చిందని. మాకు కావాల్సింది చివరి నెలసరి మొదలైన రోజు, ఆగిన రోజు కాదు. "వినాయక చవితికి రెండ్రోజుల ముందు" అన్నా చాలు, గోడమీద క్యాలెండర్ ఉంది, లెక్క నేను చూసుకుంటాను. ఎన్నాళ్లకోసారి వస్తుంది, రోజుకి ఎన్ని ప్యాడ్లు మారుస్తున్నారు, గడ్డలు పడుతున్నాయా, తెల్లబట్ట అవుతుంటే వాసన, దురద ఉన్నాయా, ఇవన్నీ అడుగుతాం.

అసలు చిక్కు పక్కనున్నవాళ్లతో. కోడలు నోరు తెరిచేలోపే అత్తగారు జవాబు చెప్పేస్తారు. "మా అమ్మాయికి అలాంటివేం లేవండీ" అని తల్లి అనేస్తుంది. పెళ్లయిందా అని మేం అడిగితే, శారీరక సంబంధం ఉందా అని అడుగుతున్నట్టే. ఏ రకం స్కానింగ్ చేయాలి, ప్రెగ్నెన్సీ టెస్ట్ కావాలా, ఏ మందు రాయాలి అన్నది దానిమీదే తేలుతుంది. పెళ్లికాకపోయినా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తోడొచ్చినవాళ్ల ముందు చెప్పలేకపోతే, బరువు చూసేటప్పుడు నా చెవిలో "సిస్టర్, మేడమ్‌తో ఒక్కదాన్నే మాట్లాడాలి" అనండి. "లోపలికి ఒక్కరేనమ్మా, గది ఇరుకు" అని నేనే గట్టిగా అంటాను, ఎవరికీ అనుమానం రాదు. ఇంకొకటి కూడా తెలిసి ఉండాలి. 18 నిండినవాళ్లకి అబార్షన్‌కి సైతం చట్టం అడిగేది వాళ్ల సంతకమే, భర్తది కాదు.

యోని లోపల చూడటం ప్రతిసారీ ఉండదు. పెళ్లికాని, సంబంధమేమీ లేని అమ్మాయిలకి సాధారణంగా పొట్టమీదే చూస్తారు. అవసరమైతే ముందు బాత్రూమ్‌కి వెళ్లి రమ్మంటాం. నడుము కింది బట్టలు తీసి, మోకాళ్లు మడిచి పడుకుంటే నేను దుప్పటి కప్పుతాను. స్పెక్యులమ్ అనే పరికరం బాతుముక్కులా ఉంటుంది. చల్లగా తగులుతుంది, తెరిచినప్పుడు ఒత్తుతున్నట్టుంటుంది. ఊపిరి బిగబడితే కండరాలు బిగుసుకుని నొప్పి పెరుగుతుంది, అందుకే నోటితో మెల్లగా వదలమంటాను. ఓర్చుకోలేకపోతే ఆపమనండి. పాప్ స్మియర్ (గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌ని ముందే కనిపెట్టే పరీక్ష) అయితే ఆ ముఖద్వారం దగ్గర చిన్న బ్రష్‌తో తుడిచి తీస్తారు, నిమిషాల్లో అయిపోతుంది. తర్వాత రెండు చుక్కల రక్తం కనిపించినా కంగారు పడక్కర్లేదు. నెలసరి రోజుల్లో ఆ పరీక్షకి రావద్దు. రెండ్రోజుల ముందునుంచి కలయిక, లోపల పెట్టుకునే మాత్రలు, క్రీములు మానేయండి. డాక్టర్ మగాయనైతే పరీక్ష చేసేటప్పుడు గదిలో ఇంకో ఆడమనిషి ఉండాలి. లేకపోతే పిలవమనండి, అది మీ హక్కు.

స్కానింగ్ దగ్గర అందరూ తికమక పడతారు. పొట్టమీద నుంచి తీసేదానికి మూత్రం నిండుగా ఉండాలి, లోపల నుంచి తీసేదానికి ఖాళీగా ఉండాలి. ఏ రకం స్కానింగో అడక్కుండానే రెండు బాటిళ్లు తాగి వచ్చి, కుర్చీలో మెలికలు తిరిగేవాళ్లని రోజూ చూస్తాను. గర్భిణులకైతే ఆధార్ చూసి, ఫారం నింపి సంతకం పెట్టించుకుంటారు. ఆడా మగా అని మాత్రం అడగొద్దు. 1994 నాటి చట్టం ప్రకారం చెప్పడం నేరం, చెప్పించుకోవడమూ నేరమే. బోర్డు నా నెత్తిమీదే ఉంది, అయినా నోటు మడిచి చేతిలో పెట్టబోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

డాక్టర్ ఫీజు వేరు, స్కానింగ్, రక్త పరీక్షలు వేరు. టెస్టులు రాయగానే మొత్తం ఎంతవుతుందని కౌంటర్లో అడగండి. కింద షాపులోనే మందులు కొనాలని, మా ల్యాబ్‌లోనే చేయించాలని రూలేం లేదు. మళ్లీ ఎన్నాళ్లలోపు వస్తే ఫీజు ఉండదో అప్పుడే తెలుసుకుని, ఆలోపే రిపోర్టులు చూపించుకోండి.

మొదటిరోజే "గర్భసంచి తీసేద్దాం" అన్నారా, వెంటనే తలూపకండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి. క్యాన్సర్ లాంటిదైతే ఆలస్యం కూడదు. బ్లీడింగ్ ఎక్కువవుతోందనో, చిన్న గడ్డ ఉందనో అంటే మాత్రం, మందులతో, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్‌తో తగ్గుతుందేమో అడగండి. ఇంకో డాక్టర్‌కి చూపిస్తానని చెప్పడానికి మొహమాటపడకండి, మేడమ్ ఏమీ అనుకోరు. స్కానింగ్ ఫిల్ములు, రిపోర్టులు మాత్రం మా దగ్గర వదిలేయకుండా అడిగి తీసుకెళ్లండి.