యుద్ధకాలపు వ్యంగ్యచిత్రాన్ని ఎలా చదవాలి?

యుద్ధంలో తటస్థంగా ఉందామన్నవారిని, ఓటమి తప్పదని ముందే చేతులెత్తేసినవారిని ఎగతాళి చేసే కార్టూన్లను అర్థం చేసుకోవడానికి, పిల్లల పుస్తకాలతో పేరుపొందిన అమెరికన్ రచయిత, చిత్రకారుడు డాక్టర్ స్యూస్ న్యూయార్క్ దినపత్రిక 'పీఎం' కోసం గీసిన ఒక బొమ్మను ఎదురుగా పెట్టుకుందాం.

మొదట తేదీ చూడండి. ఇది 1941 అక్టోబర్ 1 నాటిది. అప్పటికే ఫ్రాన్స్ లొంగిపోయింది, జర్మన్ సేనలు సోవియట్ భూభాగంలోకి చొచ్చుకుపోతున్నాయి, అమెరికా మాత్రం ఇంకా యుద్ధంలోకి దిగలేదు. డిసెంబర్ 7న అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి జరిగాక ఈ బొమ్మ గీయవలసిన అవసరమే ఉండేది కాదు.

తర్వాత బొమ్మలోని అక్షరాలు చదవండి. కుర్చీలో కూర్చున్న స్త్రీ దుస్తుల మీద 'అమెరికా ఫస్ట్' అని ఉంటుంది. అది యుద్ధంలో చేరవద్దంటూ 1940 సెప్టెంబర్‌లో ఏర్పడిన కమిటీ పేరు. విమాన చోదకుడు లిండ్‌బర్గ్ దాని తరఫున ఊరూరా ప్రసంగించాడు. ఆమె చేతిలోని పుస్తకం పేరు 'తోడేలు అడాల్ఫ్', అంటే అడాల్ఫ్ హిట్లర్.

మూడోది ముఖాలు, ఇక్కడ తొందరపడకండి. తోడేలు పిల్లల్ని నమిలి ఎముకలు ఉమ్మేసిందని, అయితే వాళ్లు పరాయి దేశపు పిల్లలు గనుక ఫరవాలేదని ఆమె చదివి వినిపిస్తుంటే, వింటున్న పిల్లలిద్దరూ హడలిపోయి ఉంటారు. పెద్దామె దాటవేసిన సంగతి ఆ పసిముఖాలకు అర్థమైంది. బొమ్మ బలమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

ఆపైన బొమ్మలో చోటు దక్కని వాదనను వెతకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో లక్షకు పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు. ఆ దుఃఖం తెలిసి యుద్ధం వద్దన్నవారందరూ హిట్లర్ మిత్రులు కారు.

చివరగా, అదే చేయి గీసిన మరో బొమ్మను పక్కన పెట్టండి. 1942 ఫిబ్రవరి 13 నాటి కార్టూన్‌లో పశ్చిమ తీరపు జపనీస్ అమెరికన్లు పేలుడు పదార్థం కోసం బారులు తీరినట్టు స్యూస్ చూపించాడు. ఆరు రోజులకే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు వెలువడింది. దాని ఫలితంగా జపనీస్ మూలాలున్న సుమారు 1,20,000 మందిని శిబిరాల్లో నిర్బంధించారు. ఈ బొమ్మలోనూ ముఖాలను ఒక్కొక్కటిగా చూడండి: ఆ బారులో ఉన్నవారందరికీ ఒకే ముఖం.