చేనేత చీరల దుకాణానికి మూడు మడతల బ్రోచర్ ఎలా తయారు చేయాలి?

భూదాన్ పోచంపల్లిలోని ఒక ఇక్కత్ చీరల దుకాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కుటుంబం గంటసేపు చీరలు చూసి, ‘ఇంట్లో అనుకుని మళ్లీ వస్తాం’ అని లేచినప్పుడు వారి చేతిలో పెట్టే కాగితమే బ్రోచర్. అది ఇంటికి చేరి బీరువాలో చోటు సంపాదిస్తుందా, దారిలోనే పోతుందా అన్నది దాని మెరుపు కన్నా, అందులో దాచుకోదగిన విషయం ఉందా లేదా అన్నదానిపైనే ఎక్కువగా ఆధారపడుతుంది.

అందువల్ల మొదటి పని కంప్యూటర్ మీద కాదు, తెల్లకాగితం మీద మొదలవుతుంది. చదివినవారు ఏం చేయాలని మీరు కోరుతున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆ తరువాత వారికి పనికివచ్చే సంగతులు సమకూర్చండి. ఇక్కత్‌లో నేతకు ముందే నూలును అక్కడక్కడ బిగించి కట్టి రంగుల్లో ముంచుతారు కాబట్టి, చీరకు రెండు వైపులా రంగు దాదాపు ఒకేలా కనిపిస్తుందనీ, బట్ట మీద అచ్చు వేసిన నకలుకు వెనుకవైపు సాధారణంగా వెలిసినట్టు ఉంటుందనీ బొమ్మతో సహా చూపితే, కొనేవారు ఆ కాగితాన్ని పారేయరు. ‘నాణ్యతకు మారుపేరు’ వంటి మాటలు ప్రతి దుకాణమూ రాసుకుంటుంది గనుక వాటిని నిస్సంకోచంగా కొట్టివేయండి. ధరలు కూడా ముద్రించవద్దు; పట్టు, నూలు ధరలు మారిన రోజున మిగిలిన ప్రతులన్నీ వృథా అవుతాయి. అసలైన పట్టు, చేనేత అని తెలిపే సిల్క్ మార్క్, హ్యాండ్లూమ్ మార్క్ వంటి గుర్తులను వాడుకునే అనుమతి మీ దుకాణానికి ఉంటేనే వేయించండి.

రెండో పని మడత. ఏ4 కాగితాన్ని అడ్డంగా పెడితే వెడల్పు 297 మిల్లీమీటర్లు. దాన్ని మూడు సమాన భాగాలు చేయడం చాలామంది చేసే పొరపాటు. లోపలికి మడిచే భాగం కాస్త చిన్నదిగా లేకపోతే అది మడత దగ్గర తట్టుకుని ఉబ్బుతుంది. 100, 100, 97 మిల్లీమీటర్లుగా విభజిస్తే సరిపోతుంది. బయటివైపు చూసినప్పుడు కుడి భాగం ముఖపత్రం, మధ్యది వెనుక అట్ట, ఎడమవైపున్న 97 మిల్లీమీటర్ల భాగం లోపలికి మడిచేది. లోపలివైపు ఈ చిన్న భాగం కుడికి వస్తుందని మరవకండి. ఒక కాగితాన్ని నిజంగా మడిచి, ఏ భాగంలో ఏ విషయం రావాలో పెన్సిల్‌తో రాసి చూసుకోండి. ముఖపత్రం తెరవగానే ఎదురయ్యేది ఆ చిన్న భాగమే కాబట్టి, అసలు ఇక్కత్‌ను గుర్తించే పద్ధతికి అదే తగిన చోటు. చిరునామా, దారి, ఫోన్ నంబర్ వెనుక అట్ట మీద ఉంటే బ్రోచర్‌ను విప్పకుండానే దొరుకుతాయి.

తెలుగు అక్షరాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మన లిపిలో గుడులు పైకి, వత్తులు కిందికి సాగుతాయి కాబట్టి, ఇంగ్లిష్‌కు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు. అక్షరం 11 పాయింట్లయితే వరుసకు 16 లేదా 17 పాయింట్లు ఇవ్వండి. లోపలి పాఠానికి మండలి వంటి సన్నని యూనికోడ్ ఫాంటును, శీర్షికకు రామభద్ర వంటి బొద్దు ఫాంటును ఎంచుకోవచ్చు. రెండింటికి మించితే పేజీ గజిబిజిగా మారుతుంది. ‘అను’ అనే పేరున్న పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు వత్తులు చెదిరే ప్రమాదం ఉంది గనుక ప్రతి పదాన్నీ తిరిగి చదవాలి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పని చేసేవారు అందులోని వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరికను ఎంచుకోకపోతే సంయుక్తాక్షరాలు విడిపోయి కనిపిస్తాయి.

చీరల ఫొటోలు నీడపట్టున, పగటి వెలుతురులో తీయించండి. ఒక భాగం వెడల్పంతా నిండే ఫొటోకు అంగుళానికి 300 చుక్కల లెక్కన సుమారు 1,180 పిక్సెళ్ల వెడల్పు కావాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది కుదించుకుపోతుంది. తెర మీద వెలిగే రంగులు నాలుగు రంగుల సిరాలో కొంత మందగిస్తాయి కాబట్టి, నమూనా ప్రతిని అసలు చీర పక్కన పెట్టి పోల్చాలి.

ఫైలును ప్రెస్‌కు ఇచ్చేటప్పుడు కోత కోసం నాలుగు వైపులా అంచు దాటి 3 మిల్లీమీటర్ల మేర రంగు అదనంగా ఉంచండి. 130 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 130 గ్రాముల బరువు) ఆర్ట్ పేపర్ చేతికి నిండుగా ఉండి సులువుగా మడత పడుతుంది. 170 జీఎస్‌ఎం, అంతకు మించిన మందమైతే ముందుగా క్రీజింగ్ (మడత గీతను నొక్కించడం) చేయించాలి, లేకపోతే మడత వెంట రంగు పగులుతుంది. వంద, రెండు వందల ప్రతులకు డిజిటల్ ముద్రణ చాలు. వేలల్లో అయితే ప్లేట్ల ఖర్చు ఎక్కువ ప్రతుల మీద సర్దుకుంటుంది కాబట్టి ఆఫ్‌సెట్ చవక పడుతుంది.

ముద్రణకు అనుమతి ఇచ్చే ముందు, ఇంతవరకు ఆ పాఠాన్ని చూడని ఒకరితో కాగితం మీది ప్రూఫ్‌ను (నమూనా ప్రతిని) బిగ్గరగా చదివించండి. అందులోని ఫోన్ నంబర్‌ను చూసి స్వయంగా డయల్ చేయండి. క్యూఆర్ కోడ్ ఉంటే రెండు వేర్వేరు ఫోన్లతో పరీక్షించండి. ఆ తరువాతే ప్రూఫ్ మీద సంతకం పెట్టండి.