హైదరాబాద్ నుంచి దుబాయ్: దూరం, విమాన సమయం లెక్కేసుకోవడం ఎలా?

మా బావ మొదటిసారి దుబాయ్ వెళ్లేటప్పుడు టికెట్ చూసి, "రెండున్నర గంటలేనా! జగిత్యాల నుంచి శంషాబాద్ పోవడానికే ఇంతకన్నా ఎక్కువ పడుతుంది కదా" అన్నాడు. టికెట్ మీద ఎక్కేది తెల్లవారుజామున 4:00, దిగేది 6:30. తీసివేత తప్పు కాదు. కానీ ఆ రెండు టైములూ ఒకే గడియారంవి కావు.

1. ముందు గడియారాలు కలపండి

టికెట్ మీద ఎప్పుడూ ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. అక్కడ 6:30 అంటే మనకు 8:00. అంటే ప్రయాణం నాలుగు గంటలు. వెళ్లేటప్పుడు గంటన్నర కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి. రాత్రి 10:00కి అక్కడ ఎక్కి 3:00కి ఇక్కడ దిగితే ఐదు గంటలు కాదు, మూడున్నరే.

తారీఖు దగ్గర ఇంకా జాగ్రత్త. దిగే టైము పక్కన చిన్నగా "+1" ఉంటే మర్నాడని అర్థం. తిరిగొచ్చేటప్పుడు బావ దుబాయ్‌లో 12వ తారీఖు రాత్రి ఎక్కాడు, ఇక్కడ 13 తెల్లవారుజామున దిగాడు. మా ఇంట్లోవాళ్లు 13 రాత్రికి కారు మాట్లాడారు. అప్పటికి ఆయన బస్సులో ఇంటికొచ్చి, అన్నం తిని పడుకున్నాడు కూడా.

2. దూరం కొలవండి

మ్యాప్‌లో దారి అడిగితే రోడ్డు దారి వెతుకుతుంది, అది మనకు పనికిరాదు. ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి శంషాబాద్ విమానాశ్రయం మీద వేలు నొక్కిపట్టండి. పిన్ పడ్డాక "మెజర్ డిస్టెన్స్" ఎంచుకుని మ్యాప్‌ను దుబాయ్ దాకా జరపండి. సుమారు 2,550 కిలోమీటర్లు చూపిస్తుంది.

కాగితం మీదా చేయొచ్చు. రెండు ఊళ్ల అక్షాంశాల తేడా 8 డిగ్రీలు. డిగ్రీకి 111 కి.మీ. చొప్పున 888. రేఖాంశాల తేడా 23 డిగ్రీలు. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి కాబట్టి ఇక్కడ డిగ్రీకి 103.5 వేసుకుంటే 2,380. ఇక పదో తరగతి పైథాగరస్: రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 2,540. ఫోన్ లెక్కకు పది కిలోమీటర్లే తేడా!

3. దూరాన్ని గంటల్లోకి మార్చండి

జెట్ విమానం పైకెక్కాక గంటకు దాదాపు 850 కి.మీ. పోతుంది. 2,540ని దాంతో భాగిస్తే మూడు గంటలు. విమానం రన్‌వే దాకా పోవడం, పైకెక్కడం, దిగడం నెమ్మదిగా సాగుతాయి కాబట్టి ఇంకో అరగంట వేసుకోండి.

మరి టికెట్ మీద నాలుగెందుకు? గాలి. ఇంత ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, గాలి పడమర నుంచి తూర్పుకు గట్టిగా వీస్తుంది. దుబాయ్ పోయేటప్పుడు అది ఎదురొస్తుంది, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. అందుకే పోయేదానికన్నా తిరుగు ప్రయాణం త్వరగా అయిపోతుంది.

4. ఇంటి నుంచి లెక్కేయండి

జగిత్యాల నుంచి శంషాబాద్‌కు నాలుగైదు గంటలు, విమానాశ్రయంలో మూడు, గాల్లో నాలుగు, దిగాక ఇమిగ్రేషన్‌కూ సామానుకూ ఒకటి. పన్నెండు పదమూడు గంటలు తేలుతుంది. మస్కట్ లాంటి చోట విమానం మారితే పెరిగే దూరం కొంచెమే, టైమంతా అక్కడ కూర్చోవడానికే పోతుంది. టికెట్ మీద షార్జా అని ఉందేమో కూడా చూడండి. అది పక్క ఊరే, కానీ తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు దుబాయ్‌లో నిలబడతారు.