చారిత్రక కూడలి రూపం మార్చే ముందు ప్రజాభిప్రాయం సేకరించడం ఎలా: విజయనగరం వారి కోసం

పాత పట్టణం నడిబొడ్డున ఉన్న కూడలిని విస్తరించాలనో, సుందరంగా తీర్చిదిద్దాలనో ప్రతిపాదన రాగానే ఊరు రెండుగా చీలడం కొత్త కాదు. ట్రాఫిక్‌తో విసిగినవారు వెంటనే పని మొదలుపెట్టమంటారు. ఆ కూడలితో తరతరాల అనుబంధం ఉన్నవారు ఒక్క రాయి కూడా కదపవద్దంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంటుంది. 2020లో విజయనగరం మూడు లాంతర్ల కూడలిలోని పాత స్తంభాన్ని తొలగించినప్పుడు పట్టణంలో పెద్ద చర్చ చెలరేగింది గానీ, అప్పటికే స్తంభం నేలకొరిగింది. అందువల్ల టెండరు పిలవక ముందే, అంటే నక్షా ఇంకా పెన్సిలు గీతల్లో ఉన్నప్పుడే, భిన్నాభిప్రాయాలన్నిటినీ కాగితం మీదికి తీసుకురావాలి. వార్డు కార్పొరేటర్లు, వర్తక సంఘాలు, నివాసుల సంఘాలు, చరిత్రపై మక్కువ ఉన్న ఉపాధ్యాయులు ఈ పనిని ఎలా నడిపించవచ్చో వరుసగా వివరిస్తాను.

ముందుగా కూడలిలో ఏ అంగుళం ఎవరి అధీనంలో ఉందో తెలుసుకోవాలి. రోడ్డు నగరపాలక సంస్థదా, రోడ్లు భవనాల శాఖదా అన్నది సర్వే రికార్డుల్లో చూడాలి. గుడి స్థలం దేవాదాయ శాఖ పరిధిలోకి వస్తుంది, కరెంటు స్తంభాలు విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్‌వి, సిగ్నళ్ల గురించి మాట్లాడవలసింది ట్రాఫిక్ పోలీసులతో. వీరిలో ఒక్కరు సమావేశానికి రాకపోయినా, అక్కడ ఇచ్చిన హామీ తరువాత చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. కట్టడం రక్షిత జాబితాలో ఉందో లేదో కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడమైతే చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతితో మాత్రమే పనులు చేయాలి. రాష్ట్ర జాబితాలో ఉంటే 1960 నాటి రాష్ట్ర చట్టం వర్తిస్తుంది. ఏ జాబితాలోనూ లేని కట్టడాల విషయంలోనే ప్రజాభిప్రాయం అన్నిటికంటే ముఖ్యమవుతుంది, ఎందుకంటే వాటిని కాపాడేది పట్టణవాసుల అభ్యంతరం ఒక్కటే.

రెండవ పని, ఉన్నదాన్ని ఉన్నట్టుగా నమోదు చేయడం. 1713లో పునాది పడిన కోట గురించి, 1885 నాటి గంటస్తంభం గురించి రాసినవారు చాలామంది ఉన్నారు. వాటి మధ్య ఉన్న వీధి అరుగులు, పాత దుకాణాల చెక్క తలుపులు, మలుపు దగ్గరి చెట్టు, రాతి తొట్టి వంటివాటి గురించి రాసినవారు తక్కువ. ఇంజనీరింగ్ విద్యార్థులు నలుగురైదుగురు టేపులతో ఒక ఆదివారం తెల్లవారుజామున కూర్చుంటే కూడలి మొత్తానికి కొలతలతో నక్షా తయారవుతుంది. ప్రతి ముఖభాగాన్నీ ఫొటో తీసి, తేదీ వేసి, కనీసం మూడు చోట్ల భద్రపరచాలి. ఇళ్లలో ఉన్న పాత పెళ్లి ఊరేగింపుల ఫొటోలు, దుకాణాల ప్రారంభోత్సవాల ఫొటోలు అడిగి తీసుకుని, స్కాన్ చేసుకుని, అసలు ప్రతులు వెంటనే తిరిగి ఇచ్చేయాలి. ఇలాంటి ఫొటోలో వెనుక కనిపించే స్తంభమో, అరుగో తరువాతి వాదనల్లో అత్యంత విలువైన సాక్ష్యం కావచ్చు. రోడ్డు మట్టం కూడా కొలవాలి. ఏటేటా తారు మీద తారు పోయడం వల్ల రోడ్డు ఎత్తు పెరిగి పాత కట్టడాల పీఠాలు మరుగునపడతాయి, వాననీరు వాటి గోడల్లోకి చేరుతుంది. పాత పొర గీకి తీసిన తరువాతే కొత్తది వేయాలన్న ఒక్క షరతు పెట్టించగలిగినా ఈ కొలతల శ్రమ ఫలించినట్టే.

విజయనగరంలో అన్నిటికంటే జాగ్రత్తగా కొలవవలసినది సిరిమాను దారి. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవంలో యాభై అరవై అడుగుల పొడవైన మాను, దాని చివరన కూర్చున్న పూజారితో, మూడు లాంతర్ల దగ్గరి అమ్మవారి చదురుగుడి నుంచి కోట వరకు మూడుసార్లు వెళ్లి వస్తుంది. పాలధార, అంజలి రథం, బెస్తవారి వల, తెల్ల ఏనుగు అనే ఊరేగింపు భాగాలు దానితో పాటు సాగుతాయి. దారికి అడ్డంగా ఒక ఫౌంటెన్ గానీ, ఎత్తైన డివైడరు గానీ, వంపు తిరిగిన విద్యుద్దీపాల స్తంభం గానీ వస్తే ఈ ఊరేగింపు ఎలా మలుపు తిరుగుతుందన్న ప్రశ్నను నక్షా గీసే వాస్తుశిల్పి తనంతట తాను వేసుకోకపోవచ్చు, ఎందుకంటే అతడు చూసే ట్రాఫిక్ లెక్కలు ఏడాదిలో మిగతా రోజులవి. అందువల్ల మాను తయారుచేసే వడ్రంగులతో, రథం లాగేవారితో, పూజారి కుటుంబంతో, బందోబస్తు చూసే పోలీసు అధికారులతో విడివిడిగా మాట్లాడి, మలుపు వద్ద ఎంత వ్యాసార్ధం కావాలి, పైన ఎంత ఎత్తు ఖాళీగా ఉండాలి, జనం ఎక్కడ నిలుస్తారు, అంబులెన్సు ఏ సందులోంచి రాగలదు అనే నాలుగు విషయాలు రాయించి నక్షాకు జతచేయాలి. నా అభిప్రాయంలో, ఈ కూడలికి వచ్చే ఏ డిజైనైనా మొదట నెగ్గవలసిన పరీక్ష ఇదే. పనుల కాలాన్ని కూడా పండుగను చూసుకునే నిర్ణయించాలి; ఉత్సవం ముగిసిన వెంటనే తవ్వకం మొదలైతే మరుసటి ఉత్సవానికి నేల సిద్ధం కావడానికి తగినంత వ్యవధి దొరుకుతుంది.

కొలతలు చేతికి వచ్చాక నక్షాను జనం ముందు పెట్టాలి. ఒక్క నక్షాయే చూపి అవును కాదు అని అడిగితే వచ్చేది కోపమే తప్ప అభిప్రాయం కాదు. కనీసం మూడు ప్రత్యామ్నాయాలు ఉండాలి, వాటిలో ఒకటి ఏమీ మార్చకుండా మరమ్మతు మాత్రమే చేయడం. ప్రతిదానికీ అంచనా వ్యయం, పోయే పార్కింగు, మిగిలే కాలిబాట వెడల్పు, తొలగించవలసిన చెట్లు తెలుగులో పక్కపక్కనే రాసి చూపాలి. కాలిబాట మీద అడ్డంకి లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం చెబుతోంది కాబట్టి, ప్రతి ప్రత్యామ్నాయం దాన్ని అందుకుంటుందో లేదో చెప్పాలి. నక్షా చదవడం అలవాటు లేనివారే ఎక్కువ. వారి కోసం ఒక ఆదివారం ఉదయం, పోలీసుల అనుమతితో, ప్రతిపాదిత ఐలాండు (రోడ్డు మధ్య దిమ్మె), కాలిబాట అంచులు, దుకాణాల గడులు సున్నంతో రోడ్డు మీదే అసలు కొలతల్లో గీయించాలి. కంప్యూటరు బొమ్మలో విశాలంగా కనిపించినది నేల మీద ఎంత ఇరుకో పది అడుగులు నడిస్తే అర్థమవుతుంది. చక్రాల కుర్చీ వాడేవారిని, చేతికర్రతో నడిచేవారిని ఆ గీతల వెంట నడవమని కోరి, వారు ఆగిన ప్రతిచోటా గుర్తు పెట్టాలి.

వీధి వర్తకుల విషయంలో చాలా సభలు మొదటి రోజే దారి తప్పుతాయి. పూలు, కొబ్బరికాయలు, పండ్లు అమ్ముకునేవారిని ఆక్రమణదారులుగా పరిచయం చేసి, తరువాత అభిప్రాయం అడగడం అన్యాయం. 2014 నాటి వీధి వర్తకుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం వర్తకుల ప్రతినిధులు ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు కావాలి. వీధి వర్తకుల సర్వే పూర్తికాకుండా ఎవరినీ తొలగించరాదు. వేరేచోటికి పంపాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. అరవై డెబ్బై ఏళ్ల నాటి బజార్లకు ఈ చట్టంలో మరో ముఖ్యమైన రక్షణ ఉంది: వర్తకులు 50 ఏళ్లకు పైగా వ్యాపారం చేస్తున్న సహజ బజారును (అమ్మేవారూ కొనేవారూ ఎప్పటినుంచో కలుసుకునే చోటును) వారసత్వ బజారుగా ప్రకటించాలి, అక్కడివారిని తరలించరాదు. కాబట్టి పాత ఆశీలు రశీదులు, తాతల కాలం నాటి ఫొటోలు, పక్క దుకాణాల వారి సాక్ష్యం వర్తకులు ముందే సేకరించుకుని పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ అయిన మెప్మా కార్యాలయంలోనూ, కమిటీలోనూ దాఖలు చేయాలి.

సమావేశాలను ఒకే చోట, ఒకే వేళ పెట్టడం వల్ల వచ్చేవారెవరో ముందే నిర్ణయమైపోతుంది. కార్యాలయంలో పగలు పదకొండు గంటలకు సభ పెడితే విశ్రాంత ఉద్యోగులు, సంఘాల పెద్దలు వస్తారు. బండి వదిలి రాలేని వర్తకుడు, పిల్లలను బడి నుంచి తీసుకురావలసిన తల్లి, ఆటో నడిపేవాడు రారు. అందుచేత ఒక సభ కూడలిలోనే మధ్యాహ్నం బేరాలు తగ్గిన వేళ, ఒకటి వార్డు సచివాలయంలో సాయంత్రం, ఒకటి మహిళల కోసం పొదుపు సంఘాల సమావేశం రోజున పెట్టాలి. ప్రచారానికి పత్రికా ప్రకటన ఒక్కటే చాలదు. ఆటోకు మైకు కట్టి రెండు రోజులు తిప్పాలి, గుడి వద్ద, బస్టాండులో, టీ దుకాణాల గోడల మీద నక్షా అంటించాలి. ప్రకటనకూ సభకూ మధ్య కనీసం పదిహేను రోజుల వ్యవధి ఉంటే జనం ఇంట్లో మాట్లాడుకుని వస్తారు.

సభ నడపడంలో అసలు నైపుణ్యం భిన్నాభిప్రాయాన్ని విడదీయడంలో ఉంది. ఒకే కోపంలో మూడు రకాల విషయాలు కలిసి ఉంటాయి. మొదటిది వాస్తవానికి సంబంధించినది: పార్కింగు తీసేస్తే వ్యాపారం తగ్గుతుందని వర్తకుడు అంటే, వచ్చే కొనుగోలుదారుల్లో ఎంతమంది బండి మీద వస్తున్నారో, ఎంతమంది నడిచి వస్తున్నారో దుకాణాల ముందు వారం పాటు లెక్కించి తేల్చవచ్చు. రెండవది ప్రయోజనానికి సంబంధించినది: ఆటో స్టాండు మారితే నష్టపోయేవారికి ప్రత్యామ్నాయ స్థలం చూపించి బేరం కుదుర్చుకోవచ్చు. మూడవది విలువకు సంబంధించినది: పాత స్తంభం ఉన్నచోటే ఉండాలన్నది లెక్కలతో తేలే విషయం కాదు, దాన్ని ఓటింగుతో అణచివేయకూడదు. ఇది గుర్తించకపోతే లెక్కలు అడిగినవాడికి భావావేశం, భావం చెప్పినవాడికి లెక్కలు సమాధానంగా వెళ్లి ఇద్దరూ అవమానపడతారు. అధ్యక్షత వహించే వ్యక్తి ఏ పార్టీకీ చెందని విశ్రాంత ఉపాధ్యాయుడో, న్యాయవాదో అయితే మేలు. ప్రతి ఒక్కరికీ మూడు నిమిషాలు, నాయకులకూ అంతే. ఇద్దరు లేఖకులు వేర్వేరుగా రాసుకుని, సభ ముగిసేలోగా చదివి వినిపించి, తప్పులు అక్కడే దిద్దుకోవాలి. ఒక వర్గం ఆవేశంతో వెళ్లిపోతే సభను రద్దు చేయకుండా, వారి వీధికి వెళ్లి వారి మాట విడిగా నమోదు చేయాలి. మౌనంగా కూర్చున్నవారి కోసం చీటీల పెట్టె ఉండాలి, ఎందుకంటే ఒకే వీధిలో వ్యాపారం చేసుకునేవారు పొరుగువాడికి ఎదురుగా మాట్లాడడానికి జంకుతారు.

అభ్యంతరాన్ని నోటితో చెప్పినవారు దాన్ని రాతలో కూడా ఇవ్వాలి. కాగితంలో ఏ నక్షా, ఏ భాగం, ఏ కారణం, దాని బదులు ఏమి కావాలి అనే నాలుగు అంశాలు ఒక్క పేజీలో ఉంటే చాలు. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. సోమవారాల్లో కలెక్టరేట్‌లో అర్జీలు స్వీకరించే కార్యక్రమంలోనూ ఇవ్వవచ్చు. నక్షా, అంచనాలు, టెండరు పత్రాలు చూపించకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయాలి. 30 రోజుల్లో సమాధానం రావాలి, రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. ఆ చట్టం నాలుగో సెక్షను ప్రజలను ప్రభావితం చేసే నిర్ణయాలు ప్రకటించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రచురించాలని, నిర్ణయానికి కారణాలను బాధితులకు తెలపాలని ఆదేశిస్తోంది. ఎవరూ అడగకముందే అధికారులు నిర్వర్తించవలసిన బాధ్యత ఇది కాబట్టి, లేఖలో ఈ సెక్షన్‌ను ప్రస్తావించడం మేలు.

సేకరించిన అభిప్రాయాలకు జవాబు లేకపోతే ఇదంతా తంతుగా మిగులుతుంది. అందిన ప్రతి అభ్యంతరానికీ వరుస సంఖ్య వేసి, అంగీకరించారా, పాక్షికంగా అంగీకరించారా, తిరస్కరించారా, కారణం ఏమిటి అన్నది పట్టికగా తయారుచేసి అదే గోడల మీద అంటించాలి. పేర్లు వేయనక్కరలేదు. తిరస్కరణకు గురైనవారు కూడా తమ మాట చదివారని నమ్మేది ఈ పట్టిక చూసినప్పుడే. అందరూ ఏకాభిప్రాయానికి వస్తారని ఆశించకూడదు. మిగిలిపోయిన అసమ్మతిని తీర్మానంలో ఒక పేరాగా చేర్చించడం కౌన్సిలుకు అవమానం కాదు.

నిర్ణయం జరిగాక రాయి పరచడానికి ముందు ఒకటి రెండు నెలలు ప్లాస్టిక్ బారికేడ్లతో, రంగు గీతలతో అదే అమరికను నడిపి చూడాలి. వాన పడిన రోజున నీరు ఎక్కడ నిలుస్తుందో, శుభముహూర్తాల రోజుల్లో రద్దీ ఎక్కడ ఆగుతుందో అప్పుడు బయటపడుతుంది, దిద్దుబాటు ఖర్చు కూడా స్వల్పం. పాత కట్టడానికి మరమ్మతు ఒప్పుకుంటే సున్నపు గారనే వాడాలని ఒప్పందంలో రాయించాలి, ఎందుకంటే సిమెంటు తేమను లోపలే బంధించి పాత ఇటుకను, రాతిని పొడిగా రాలగొడుతుంది. ఏదైనా భాగాన్ని విప్పక తప్పకపోతే ప్రతి రాతికీ నంబరు వేసి, ఫొటో తీసి, ఎక్కడ దాచారో రశీదు రాసి ఇవ్వాలి. ఆమోదం పొందిన కొలతల నక్షా, సిరిమాను దారి పత్రం, జవాబుల పట్టిక ఈ మూడూ గుత్తేదారుకు ఇచ్చే పని ఉత్తర్వుకు అనుబంధాలుగా ఉన్నాయో లేదో సంతకానికి ముందే చూసుకోవాలి. తవ్వకం మొదలైన రోజు నుంచి వార్డుకు ఇద్దరు చొప్పున వంతులవారీగా కూడలికి వెళ్లి, నక్షాలోని కొలతలతో నేల మీది గీతలు సరిపోతున్నాయో లేదో టేపుతో చూసి రిజిస్టరులో రాయాలి.