రెండొందల మాటల్లో రొట్టెల పండగ

కావలి ట్రంకు రోడ్డు పక్క సందులో నాది డీటీపీ షాపు. పెళ్లిపత్రికలు, ప్రాజెక్టు రిపోర్టుల మధ్య పోటీ కథలు టైపు చేయించుకునేవాళ్లు కూడా వస్తుంటారు, అదీ ఆఖరి తేదీ సాయంత్రం. వాళ్లవి కొట్టీ కొట్టీ నాకూ రాయాలనిపించింది.

మొదటిసారి పంపిన కథ కింద నా పేరు, ఫోన్ నంబరు దర్జాగా పెట్టాను. కథ ఉన్న పేజీలో పేరు ఉండకూడదని నిబంధనల్లోనే ఉంది, నేనే చూడలేదు. కథ పరిశీలనకే పోలేదు. అప్పట్నించీ పోటీ ప్రకటనను ప్రింటు తీసి మాటల పరిమితి, గడువు, ఇతివృత్తం, పంపే పద్ధతి కింద ఎర్ర పెన్నుతో గీత గీస్తున్నాను. మినీ కథ అంటే ఒకరికి వంద మాటలు, ఇంకొకరికి ఐదొందలు. పోస్టుకార్డులో పట్టాలనేవాళ్లూ ఉంటారు. అంచనాతో మొదలుపెట్టొద్దు.

ఇప్పుడు రాస్తున్నది రెండొందల మాటల పోటీకి. నెల్లూరు రొట్టెల పండగ తీసుకున్నాను. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో నిలబడి కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, విదేశీ రొట్టె అని కోరికను బట్టి పేర్లు. మొదటి ప్రతిలో మా మనిషి కావలిలో రైలెక్కి, బిట్రగుంట దాటి, నెల్లూరులో ఆటో బేరమాడేసరికే తొంభై మాటలు అయిపోయాయి. చెరువు ఇంకా రాలేదు! అదంతా కొట్టేసి "కొంగులో రొట్టెతో ఆమె నీళ్లలోకి దిగింది" అని మొదలుపెట్టాను. చిన్న కథకి ప్రయాణం వద్దు, దిగాల్సిన చోటే దించెయ్యాలి.

ఆమె కొడుకు కోసం విదేశీ రొట్టె తీసుకుంది. వాడు వెళ్లాడు. ఇప్పుడు మొక్కు తీర్చడానికొచ్చింది. రొట్టె ఇచ్చేశాక పక్కవాళ్లని అడుగుతుంది, "కొడుకు తిరిగొచ్చే రొట్టె ఎక్కడిస్తారయ్యా?" కథ అక్కడే అయిపోయింది. నేను ఊరుకోకుండా "ఆమె కళ్లు చెమర్చాయి" అని తగిలించాను. షాపులో ప్రింటు తీసుకోవడానికొచ్చిన డిగ్రీ కుర్రాడు చదివి, "ఏందక్కా, ఆఖరి లైను మాకు చెప్పాలా?" అన్నాడు. తీసేశాను. మీరూ చివరి వాక్యం మీద వేలు పెట్టి మూసి చదివి చూడండి. లోటు అనిపించకపోతే అది అక్కర్లేనిదే.

లెక్క దగ్గర ఒక మాట. కంప్యూటరు ఖాళీలను బట్టి మాటలు లెక్కపెడుతుంది. "వెళ్లి పోయాడు" రెండు, "వెళ్లిపోయాడు" ఒకటి. అలా కలిపి రాయడం తెలుగుకి సహజమే. కానీ పరిమితిలో పట్టాలని "అమ్మచీరకొంగుపట్టుకుని" అంటూ గొలుసు కట్టి తెచ్చేవాళ్లున్నారు. చదివేవాడికి ఊపిరాడదు, మోసం కూడా తెలిసిపోతుంది. అంతకంటే విశేషణాలు తీసేయడం మేలు. శీర్షిక లెక్కలోకి వస్తుందో రాదో చెప్పకపోతే వస్తుందనే అనుకోండి.

పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన కథ యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లలోనూ నెట్‌లోనూ కనబడే తెలుగులోకి మారిస్తే వత్తులు చెదురుతాయి, పంపేముందు మళ్లీ చదవండి. వర్డ్ ఫైలు అడిగినచోట చేతిరాత ఫోటో పంపొద్దు. హామీ పత్రం వేరే పేజీలో రాయాలి: కథ నా సొంతం, అనువాదం గానీ అనుసరణ గానీ కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, వేరేచోట పరిశీలనలో లేదు. ఫేస్‌బుక్‌లో పెట్టినా చాలామంది ప్రచురణ కిందే లెక్కేస్తారు, కాబట్టి ఫలితాలు వచ్చేదాకా వాట్సాప్ స్టేటస్‌లో కూడా పెట్టకుండా ఓర్చుకోండి. పేరు, అడ్రసు కూడా ఆ పత్రంలోనే.

ఎల్లుండి గడువు. ముగ్గురి కథలు టైపు చెయ్యాల్సి ఉంది. నాది ఇంకా ఏడు మాటలు ఎక్కువుంది.