కెమిస్ట్రీ డిగ్రీ విద్యార్థులు వేసవి పరిశోధనలో చోటు ఎలా సంపాదించాలి?

విజయవాడ, గుంటూరు కాలేజీల్లో ఈ సంగతి చాలామందికి ఏప్రిల్‌లో, హాల్‌టికెట్లు చేతికొచ్చాక గుర్తుకొస్తుంది. అప్పటికే ఆలస్యమైపోతుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన అకాడమీ మరో రెండు జాతీయ అకాడమీలతో కలిసి నడిపే రెండు నెలల వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తులు సాధారణంగా అక్టోబరు, నవంబరు నెలల్లోనే తీసుకుంటారు. కాబట్టి పని దసరా సెలవుల్లో మొదలుపెట్టండి.

మొదట చోట్లు వెతకండి. ఏర్పేడులోని తిరుపతి ఐసర్ (కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ), హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ), హైదరాబాద్ విశ్వవిద్యాలయం, బెంగళూరు జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత విజ్ఞాన పరిశోధన సెంటర్ వెబ్‌సైట్లు చూడండి. సంస్థ పేరుకన్నా అక్కడి ఆచార్యులు ఏం చేస్తున్నారన్నది ముఖ్యం. కాలేజీ లైబ్రరీలో పత్రికలు లేవని ఆగిపోవద్దు. అకాడమీ ప్రచురించే ‘జర్నల్ ఆఫ్ కెమికల్ సైన్సెస్’ పాత సంచికలు దాని సైటులో ఉచితంగానే దొరుకుతాయి.

తర్వాతిది అసలు పరీక్ష: ఏం చేయాలనుకుంటున్నారో రాసి ఇవ్వాలి. ‘నాకు చిన్నప్పటి నుంచి కెమిస్ట్రీ అంటే ప్రాణం’ అన్న వాక్యం రాసి ఉంటే కొట్టేయండి. దాని బదులు ఒక ప్రశ్న పెట్టండి. దుగ్గిరాల పసుపు మన పక్కనే ఉంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎందుకు ఎర్రబడుతుంది? పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్‌లోని ఫీనాలిక్ హైడ్రాక్సిల్ సమూహం సున్నం లాంటి క్షారంలో ప్రోటాన్‌ను వదులుకుంటుంది. దాంతో అణువు పీల్చుకునే కాంతి తరంగదైర్ఘ్యం పెరిగి, రంగు ఎర్రగా కనిపిస్తుంది. ఇంతవరకు పాఠ్యపుస్తకమే. కానీ అదే క్షారంలో కర్క్యుమిన్ నిలవదు, విచ్ఛిన్నమవుతుంది. ఏ పీహెచ్ (ఆమ్ల, క్షార తీవ్రతను తెలిపే కొలత) దగ్గర ఎంత వేగంగా? ద్రావణం ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటరుతో ఆ వేగాన్ని ఎలా కొలుస్తారు? ఇక్కడి నుంచి మీ సొంత రాత మొదలవుతుంది. కొలిచే పద్ధతి కూడా చెప్పగలిగితే చదివేవారు ఆగి చూస్తారు.

సిఫారసు లేఖ మీ ప్రాక్టికల్స్ చూసిన అధ్యాపకుల నుంచే తీసుకోండి. ప్రిన్సిపాల్ సంతకానికి హోదా ఉంటుంది కానీ, మీరు టైట్రేషన్ ఎలా చేస్తారో ఆయనకు తెలియకపోవచ్చు. గడువుకు రెండు వారాల ముందే అడగడం మర్యాద.

ఫెలోషిప్ రాకపోయినా దారి మూసుకుపోదు. ఆచార్యులకు నేరుగా ఈ-మెయిల్ రాయవచ్చు. పెళ్లి శుభలేఖల్లా ఒకే ఉత్తరాన్ని యాభైమందికి పంపకండి, చూడగానే తెలిసిపోతుంది. ఒక్కొక్కరికి విడిగా పది వాక్యాలు చాలు: వారి ఫలానా వ్యాసంలో మీకు అర్థమైనది, అర్థం కానిది, మీ సెలవుల తేదీలు, ఒక పేజీ బయోడేటా. పది రోజులు చూసి ఒక్కసారి గుర్తుచేయండి.

చోటు దొరికితే కాలేజీ నుంచి అనుమతి పత్రం తీసుకోండి, డిగ్రీలోని ఇంటర్న్‌షిప్ కింద లెక్కిస్తారేమో అప్పుడే అడగండి. బెంగళూరుకైతే విజయవాడ, గుంటూరు మీదుగా ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది. వేసవి రద్దీ కాబట్టి బెర్తు ముందే చూసుకోవాలి. పెట్టెలో నూలు దుస్తులతో పాటు పాదాలు పూర్తిగా కప్పే బూట్లు పెట్టుకోండి. చెప్పులతో ల్యాబులోకి రానివ్వరు.